ఇంక్యుబేటర్‌కు బండారి

ఆ రోజుల్లో మా పరిశోధన ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ తలుపు తీయాలంటే నాకు భయం. అందులోని పళ్లేలలో గొర్రె అండాశయాల నుంచి తీసిన పుటికలు, అంటే అండం పెరిగే బుల్లి సంచులు ఉండేవి. జనగామ మటన్ దుకాణంలో అండాశయాలు అడిగి తెచ్చుకునేదాన్ని. హార్మోన్లు, గ్రోత్ ఫ్యాక్టర్లు కలిపిన ద్రవంలో పుటికలను పెంచాలి. కాస్త బ్యాక్టీరియా చేరిందంటే చాలు, ద్రవం మబ్బుపట్టి అన్నీ చచ్చిపోతాయి. అప్పటికే రెండుసార్లు పోయాయి. "ఈసారీ పోతే ఈ పని ఆపేద్దాం" అన్నారు మా గైడ్. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

ఆ వారమే ఒకరోజు మా అమ్మ పెద్దవంగర నుంచి కంటి దవాఖానకు వచ్చి, నన్ను చూద్దామని ల్యాబ్‌కూ వచ్చింది. మావాళ్లు గొర్రెలు కాస్తారు. అందుకని పళ్లేలు చూపించాను, నా భయమూ చెప్పుకున్నాను. పక్కగదిలో ద్రవం కలిపి వచ్చేసరికి ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిచి ఉంది. మా ఇళ్లలో ఈనబోయే గొర్రె నొసట మల్లన్న బండారి పెడతారు. అమ్మ కొంగుముడి విప్పి, ఆ పసుపే ఒక్కో పళ్లెం మూత మీద బొట్టుగా పెడుతోంది. ఒక మూత పక్కకు జరిగి ఉంది.

"ఏం జేసినవే అవ్వా!"

"అరవకు బిడ్డా. ఈనే గొర్రెకు పెట్టమా? గియ్యి గూడ గొర్రెలేనాయె. మల్లన్న సూసుకుంటడు, నువ్వు పరేషాన్ గాకు."

ఆమె ముందే మూతలన్నీ స్పిరిట్‌తో తుడిచాను. అమ్మ ముఖం చిన్నబోయింది. ఆమెను బస్సెక్కించి వచ్చి ద్రవం మార్చాను. ఇంత సైన్సు చదివి, ఏ దేవుడి పసుపు తుడిచానో ఆ దేవుడికే మొక్కుకున్నాను.

మర్నాడు పొద్దున మైక్రోస్కోప్ అవసరం కూడా లేకపోయింది. పళ్లేలన్నీ మబ్బుపట్టాయి. బండారి వల్లో, నా చేతుల వల్లో చెప్పలేను. ముందు రెండుసార్లు బండారి లేకుండానే పోయాయి కదా. గైడ్ కోప్పడలేదు. ఇంక్యుబేటర్ స్విచ్ ఆపేసి వెళ్లిపోయారు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. రాత్రంతా నిద్ర పట్టలేదట.

"బతికినయా బిడ్డా?"

"మంచిగున్నయవ్వా. పెరుగుతున్నయ్."

"నేను జెప్పలే! మల్లొచ్చినప్పుడు ఇంకింత బండారి పట్కొస్త. ఈపారి నువ్వే పెట్టు, నేను ముట్ట."