చెల్లెలి బదులు నేను మాట్లాడిన ఇంటర్వ్యూ

కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి, తెల్లదొరలు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయినా మా చాంపియన్ రీఫ్స్‌లో ఆఫీసు పనులన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. గని ఆసుపత్రికి వెళ్ళినా, కార్మికుల ఇంటి కప్పు కారుతోందని ఆఫీసులో చెప్పుకోవాలన్నా, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళడం మాకు అలవాటు. కార్మికుల ఇళ్ళ వరసలను మేము లైన్లు అంటాం. మా లైనులో ఆ మనిషిని నేను. గని స్టోర్సులో గుమాస్తాగా చేస్తుండేవాణ్ణి. జబ్బుపడ్డ మనిషి డాక్టరు ముందు నిలబడితే అతనికి నొప్పి ఎక్కడో నేను చెప్పేవాణ్ణి, అతను తల ఊపేవాడు. దాన్ని సాయం అనుకున్నాను. అలా మాట్లాడడంలో నాకెంత సుఖం ఉండేదో మాత్రం ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ ఏడు మా చెల్లెలు పి.యు.సి. పాసైంది. బి.ఎ.లో చరిత్ర చదువుతానంది. బెంగుళూరులో ఒక ఆడపిల్లల కాలేజీ గురించి వాళ్ళ టీచరు చెప్పిందట. అక్కడి లైబ్రరీలో పిల్లలే అరల మధ్య తిరిగి, కావలసిన పుస్తకం చేత్తో తీసుకోవచ్చునట. ఆ ఒక్క సంగతీ ఆమె మనసులో నాటుకుపోయింది. అక్కడ సీటు దొరక్కపోతే కోలారు కాలేజీ ఉంది, రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. కానీ ఆమెకు బెంగుళూరే కావాలి.

బెంగుళూరులో ఇంటర్వ్యూకు రమ్మన్న రోజున మా నాయన గనిలో పొద్దుటి షిఫ్టుకు దిగాలి.

"నువ్వు పోప్పా దాంతో. ఆడ ఏం మాట్లాడాల్నో నాకు తెలీదు" అన్నాడు నాతో.

"నేను మాట్లాడతాను గదా నాయినా" అంది చెల్లెలు.

"అన్న ఉండాడు గదమ్మా" అన్నాడు ఆయన. అక్కడితో ఆ మాట అయిపోయింది.

రైల్లో ఆమె కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుతూ ఏదో అనుకుంటోంది. "ఊరికే ఎందుకు కష్టపడతావు, నేను చూసుకుంటా" అన్నాను. ఆమె అనుకోవడం ఆపేసింది.

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరు లెక్చరర్లు కూర్చుని ఉన్నారు. చరిత్రే ఎందుకు చదవాలనుకుంటున్నావని పెద్దావిడ మా చెల్లెలిని అడిగింది. టీచరు కావాలని ఈమెకు చిన్నప్పటినుంచీ కోరిక, మేడమ్, అని నేను ఇంగ్లీషులో అందుకున్నాను. చెల్లెలు నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. అమ్మాయిని అడిగానండీ, అంది పెద్దావిడ మర్యాదగానే. అవును మేడమ్, కొంచెం సిగ్గరి, అని మళ్ళీ నేనే చెప్పాను. అదీ నిజం కాదు. మా వీధిలో ఆమె నోటికి జడవని మగపిల్లాడు లేడు. ఆఖరికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నువ్వు చెప్పమ్మా, అంది. చెల్లెలు నా వైపు చూసింది. అది సాయం అడిగే చూపు కాదని ఇప్పుడు తెలుసు. నేను నోరు మూస్తానా లేదా అని చూసింది. నేను మూయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు, బాగా జరిగిందన్నాను.

"అవున్నా. వాళ్ళకి నువ్వు శానా నచ్చినావు. నువ్వే చేరు బి.ఎ.కి. నేను స్టోర్సులో కూచుంటా" అంది. ఎదుటి సీటులో ఉన్నాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ కాలేజీలో ఆమెకు సీటు రాలేదు. మార్కులు చాలలేదేమోనని అమ్మ అంది. నిజంగా చాలలేదేమో కూడా. ఆ మాట చాటున నేను చాలా ఏళ్ళు దాక్కున్నాను.

కోలారు కాలేజీలో ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు నాయన మళ్ళీ నన్నే తోడు వెళ్ళమన్నాడు. "బస్సులో తోడుకైతే రానీ. లోపలికి మాత్రం వొద్దు" అంది చెల్లెలు. నాయన నా మొహం చూశాడు. నేను చెప్పులు వేసుకున్నాను.

ప్రిన్సిపాలు గది కిటికీ తెరిచి ఉంది. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఆయన కన్నడంలో అదే ప్రశ్న వేశాడు. మాట్లాడకుండా కూర్చోవడం నాకు ఒంటి మీద గొంగళిపురుగు పాకుతున్నట్టే ఉంది. చెల్లెలు కన్నడం, తెలుగు కలిపి చెప్పింది. నాకు గుర్తున్నది ఇలా.

"మా తాత చిత్తూరు పక్కనుంచి నడిచి ఈడికి వచ్చినాడు సార్. పల్లెలో ఏమయ్యి వచ్చినాడో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. బంగారం ఎంత తీసినారో స్కూలు పుస్తకంలో ఉండాది. తీసినోళ్ళు యాడినుంచి వచ్చినారో లేదు. అది యాడ రాసిపెట్టినారో చూడాల."

ఈ జవాబు నీకు ఎవరు నేర్పించారని ఆయన అడిగాడు.

"ఎవరూ నేర్పలేదు సార్. ఎవరూ అడగను కూడా లేదు."

ఒకే ఇంట్లో, ఒకే పళ్ళెంలో తిని పెరిగినవాళ్ళం. ఆమె మనసులో ఉన్న సంగతి నేను వరండాలో కూర్చుని, కిటికీలోంచి విన్నాను.

సీటు ఇచ్చారు. బస్సులో అడిగాను, బెంగుళూరులోనూ ఇదే చెప్పాలనుకున్నావా అని.

"రైల్లో అదే గదా అనుకుంటా ఉన్నింది. నువ్వు చూసుకుంటానన్నావు" అంది. ఆ గొంతులో కోపం లేదు. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

కోలారు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు కటకటాల వెనక ఉండేవి. పేరు రాసి చీటీ ఇస్తే గుమాస్తా తెచ్చి ఇచ్చేవాడు. పేరు తెలియని పుస్తకాన్ని ఎట్లా అడిగేది, అని మొదటి నెలలో ఒకసారి అంది. ఆ మూడేళ్ళూ తనకు పేరు తెలిసిన పుస్తకాలే చదివింది.