గీటు పడని వెండి కళ్ళు

ఖచ్చితంగా తెలిసినవి తక్కువ కనుక ముందు అవే రాస్తాను. మా అమ్మ కుడికంటికి విజయవాడలో శుక్లం ఆపరేషన్ జరిగింది, చూపు వచ్చింది. మొక్కుకున్న ప్రకారం ఆమె ఒక అమ్మవారి గుడి హుండీలో ఒక జత కళ్ళు వేసింది. పలుచని రేకు మీద కన్ను ఆకారం అచ్చొత్తి కత్తిరించిన ఆ జతను గుడి ముందు దుకాణంలో కొన్నాము. ఇంతవరకు నేను స్వయంగా చూసినవి. ఆ రేకు వెండి అన్నది దుకాణం నడిపే ఆమె మాట. హుండీలో పడిన కళ్ళు తిరిగి అలాంటి దుకాణాలకే చేరతాయన్నది బస్సులో వెనక సీటు ఆయన ఎవరితోనో అంటుండగా విన్నది. ఈ రెండో మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అందుకే ఏ గుడో రాయడం లేదు.

తిరువూరులో ఇంటర్మీడియట్ పిల్లలకు చాలా ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పాను. సీసా మీది చీటీ ఏమన్నా, లోపలిదేమిటో పరీక్షించాకే రికార్డులో రాయాలని వాళ్ళకు నేర్పిన అలవాటు నాలోనూ స్థిరపడిపోయింది. దుకాణంలో ఆ రేకును వేళ్ళ మధ్య వంచి చూశాను. వెండికి ఉండవలసిన మెత్తదనం కనిపించలేదు.

“ఇది వెండేనామ్మా?” అని అడిగాను.

“వెండి కాకపోతే ఇనుమా సార్?” అంది ఆమె. “అమ్మవారికి ఇచ్చేదాంట్లో మోసం చేస్తే మా కళ్ళు పోవూ? కళ్ళమ్ముకునేవాళ్ళం, మాకా భయం ఉండదంటారా?”

వెనక నిలబడినవాళ్ళు నవ్వారు. అమ్మ నా మోచేయి గిల్లి, “గుడి దగ్గర కూడా నీ పరీక్షలేంట్రా, పద” అంది. ఆమె హుండీ వైపు నడుస్తుండగా నేను అలాంటిదే మరో జత కొని జేబులో వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ రెండో జత అంచును ఆకురాయితో గీకి, ఆ పొడి మీద నత్రికామ్లం వేశాను. ద్రవం ఆకుపచ్చగా మారింది. ఉప్పునీళ్ళు కలిపితే, వెండి ఉన్నప్పుడు పెరుగులా విరిగే తెల్లని అవక్షేపం ఏర్పడాలి. రవ్వంత కూడా ఏర్పడలేదు. రాగి, నికెల్ కలిపి చేసే తెల్ల లోహం కావచ్చు. వెండి మాత్రం కాదు. అయితే నేను పరీక్షించింది నా జేబులోని జతను. అమ్మ హుండీలో వేసింది కూడా అదే సరుకన్నది నా అనుమానం.

భోజనాల దగ్గర అమ్మకు ఈ తేడా సహా అంతా చెప్పాను. నన్ను ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె అన్నం కలపడం ఆపేసింది.

“అయితే నేనిచ్చింది ఉత్త రేకన్నమాట.”

“మోసం చేసింది ఆమె కదమ్మా. నీ తప్పేముంది?”

“మొక్కుకుంది నేను కదరా. ఆమె కాదుగా.”

ఎడమకంటికి ఆపరేషన్ తేదీ అప్పటికే ఖాయమైంది. అమ్మ వెళ్ళనంది. “ఒక కంటి మొక్కు తీరకుండా రెండో కన్ను ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?” ఆ తేదీ దాటిపోయింది, తరువాత తీసుకున్నదీ దాటిపోయింది. ఎడమకంటి శుక్లం బాగా ముదిరిందని, ఆలస్యం చేసేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుందని డాక్టరు నాకు విడిగా చెప్పారు. ఎడమవైపు వచ్చే సైకిలును ఆమె గమనించకపోవడం వీధిలో నేనే రెండుసార్లు చూశాను. పరీక్షనాళిక చూపించమని కూడా ఆమె అడగలేదు. అన్నీ అనుమానించే నన్ను ఆమె ఏ అనుమానమూ లేకుండా నమ్మింది. ఆ నమ్మకమే ఇప్పుడు ఆమె కంటికి అడ్డుపడింది.

ఉన్న దారి ఒక్కటే: అసలైన వెండితో మరో జత చేయించడం. ఈసారి వెనకవైపు కొద్దిగా గీకి, పరీక్షించి మరీ తెస్తానని మాటిచ్చాను.

“గీకిందా?” అమ్మ మొహం చిట్లించింది. “నైవేద్యం ఉప్పు చూసి పెడతామా ఎక్కడన్నా? నువ్వు రుచి చూసి మిగిల్చింది ఆవిడకి పెట్టమంటావా?”

నేను ఆలోచనలో పడ్డాను. మా ప్రాంతంలో మామిడికాయలు కొనేవాడు కోసి చూడకుండా బేరం మొదలుపెట్టడు. వడ్లు కొనేవాడు బస్తాకు గొట్టం గుచ్చి మచ్చు తీస్తాడు. అమ్మేవాడికి అందులో అవమానమేమీ లేదు. పెళ్ళిలో బంధువు చేతికిచ్చిన ఉంగరాన్ని అతని ఎదుటే గీటురాయి మీద రుద్దితే మాత్రం చుట్టరికం తెగుతుంది. చూసుకోవాలనుకున్నవాడు ఇంటికి వెళ్ళాక చూసుకుంటాడు. దేవుడికిచ్చేదానికి ఆ వెసులుబాటు కూడా లేదు. ముందు ముట్టకూడదు, తరువాత అది మన చేతిలో ఉండదు. మోసం చేయాలనుకునేవాడికి ఇంతకంటే అనువైన చోటు ఉండదని నాకనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

గీకకుండా తెలుసుకునే మార్గం కూడా వెతికాను. నీళ్ళలో ముంచి తూస్తే సాంద్రత తెలుస్తుంది. నీళ్ళకు అమ్మ అభ్యంతరం చెప్పలేదు. కాని అంత పలుచని రేకుకు నా దగ్గరున్న త్రాసు చాలదు. దాని పొరపాటే ఫలితాన్ని మింగేస్తుంది.

మా ఊళ్ళో తాతల నాటి నుంచి వెండిపని చేస్తున్న ముస్లిం కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇంటి పెద్దను అందరమూ భాయ్ అనే పిలుస్తాం. కథంతా చెప్పగా ఆయన చేతిలో పని ఆపకుండా నవ్వాడు.

“మాష్టారూ, మీ అమ్మగారే కరెక్టండీ. మా బక్రీదు పొట్టేలుకి చెవి సగం తెగున్నా పనికిరాదంటారు. ఇచ్చేది నిండుగా ఉండాలి. మీరేమో కంటికే గాటు పెడతానంటున్నారు!”

“మరి నాకు తెలిసేదెలా భాయ్?”

“నన్ను నమ్మరా?”

ఆయనే మళ్ళీ, “పోనీలెండి, మొహమాటం దేనికి? కళ్ళు కత్తిరించాక రేకు ముక్కలు మిగులుతాయిగా. పట్టుకెళ్ళి కాల్చుకుంటారో, కరిగించుకుంటారో మీ ఇష్టం” అన్నాడు.

నాకు అంతకంటే మంచి ఉపాయం తట్టలేదు. ఎదురుగా కూర్చున్నాను. ఆయన రేకు తీసి, దిమ్మె మీద పరిచి, కన్ను అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కంటి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రోడ్డు మీద బస్సు హారను మోతకు మాట వినపడక పక్క సందులోకి వెళ్ళి మాట్లాడాను. ఇంకోసారి తేదీ మార్చడం కుదరదన్నారు. ఐదారు నిమిషాలు పట్టింది. తిరిగివచ్చేసరికి కళ్ళు కాగితంలో మడిచి ఉన్నాయి. పక్కన మిగిలిన ముక్కలు.

ఆ ముక్కలు వెండివే. ఉప్పునీళ్ళు పడగానే ద్రవం తెల్లగా విరిగింది. ఎండలో పెడితే ఆ తెలుపు నల్లబడింది. అందులో సందేహం లేదు.

గుడి మెట్ల దగ్గర అమ్మ పొట్లం అందుకుని ఆగింది.

“గీకావా?”

“లేదమ్మా. మిగిలిన ముక్కను చూశాను. అది వెండి.”

“మరి ఇది?”

“వెండేనని భాయ్ చెప్పాడు.”

“నువ్వు నమ్మావా?”

ఆ ఫోను సంగతి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. ఎడమకన్ను పూర్తిగా మూసి, బాగుపడిన కంటితో ఆమె నా మొహంలోకే చూస్తోంది.

“నమ్మాను” అన్నాను.

“అయితే సరే” అని లోపలికి వెళ్ళింది. ఆ వారమే ఎడమకంటికి ఆపరేషన్ జరిగింది. చూపు వచ్చింది. దానికి కారణం డాక్టరు చేతి నైపుణ్యమని నా అభిప్రాయం; అమ్మ అభిప్రాయం నేను అడగలేదు.

జవాబు దొరకని ప్రశ్న ఒకటి మిగిలింది: హుండీలో పడిన ఆ జత వెండేనా? భాయ్‌ని శంకించడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. కాని రేకు దిమ్మె మీదికి చేరడానికీ, పొట్లం నా చేతికి రావడానికీ మధ్య ఏం జరిగిందో నేను చూడలేదు. చూడనిదాన్ని రికార్డులో రాయలేను. గుడికి వెళ్ళే దారి పొడుగునా ఆ పొట్లం నా చొక్కా జేబులోనే ఉంది. ఆకురాయితో ఒక్కసారి గీకితే తెలిసిపోయేది. గీకితే మరో జత చేయించాలి, మరో తేదీ దాటిపోతుంది, ఆ కన్ను ఎదురుచూడదు. అందుకని గీకలేదు.