రెండింటికీ కుదరని పుల్ల

1956 జూన్‌లో ఆదోనిలోని ఒక హైస్కూలుకు లెక్కల టీచరుగా వచ్చాను. అప్పటికింకా ప్రొబేషనర్‌నే. విద్యాధికారి తనిఖీలో నా పాఠం నచ్చకపోతే ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లో ఆరుగురం, సంపాదించేది నేనొక్కణ్ణి.

మొదటి తనిఖీకి ఐదో ఫారంలో, అంటే ఇప్పటి పదో తరగతిలో, 'ఇన్‌కమెన్సురబుల్' పాఠం ఎత్తుకున్నాను. నా పాండిత్యమంతా గుమ్మరించాను. లాటిన్‌లో 'కాం' అంటే కలిసి, 'మెన్సురా' అంటే కొలత, ముందు 'ఇన్' చేరితే లేదని. అంటే ఒకే కొలతతో రెండూ సరిగ్గా తేలనివి. పిల్లలు గడగడా అప్పజెప్పారు. అధికారి ఒకణ్ణి లేపి, అలాంటివి రెండు చూపించమన్నారు. వాడు పైకప్పు చూశాడు, నేను నేల చూశాను. నెలలో మళ్ళీ వస్తానని ఆయన వెళ్ళిపోయారు.

ఆ నెలలోనే బెంచీలు బాగుచెయ్యడానికి ఎమ్మిగనూరు నుంచి వడ్రంగి బసప్ప వచ్చాడు. మగ్గాలు చేసిన చెయ్యి. చదరానికి భుజం పన్నెండైతే మూల నుంచి మూలకు పదిహేడని ఆయన లెక్క. పన్నెండు పన్నెండ్లు రెండుసార్లు వేస్తే 288, పదిహేడు పదిహేడ్లు 289, కాస్త తేడా ఉందన్నాను. అంతే, ఒంటికాలి మీద లేచాడు.

"నా మగ్గం యాడన్నా వంకర పోయిందా సారూ? రెండింటికీ మిగులు లేకుండా సరిపోయే పుల్ల నేను కోసి సూపిస్తా!"

రెండో తనిఖీ రోజున ఆయన్నే క్లాసులోకి పిలిచాను. బసప్ప నేల మీద చదరం గీసి, భుజమంత పుల్లను కర్ణం మీద పెట్టాడు. ఒకసారి పట్టి కొంత మిగిలింది. ఆ మిగులంత పుల్ల కోసి భుజం మీద పెడితే రెండుసార్లు పట్టి మళ్ళీ మిగిలింది. ఆ మిగులు ముందరి పుల్లలోనూ రెండుసార్లే, మళ్ళీ మిగులే. పిల్లలు బెంచీలు దిగి చుట్టూ మూగారు. పుల్ల అగ్గిపుల్లంత అయ్యేసరికి బసప్ప చెమట తుడుచుకున్నాడు.

"ఇది తేలేది కాదప్పా! ఎంత సన్నం సేసినా ఇంత మిగుల్తాంది. మగ్గానికైతే పదిహేడే సాలు, ఆ మాట మాత్రం ఇడ్సను."

అధికారి పడిపడి నవ్వారు. కిందటిసారి లేపినవాణ్ణే మళ్ళీ లేపారు. వాడు భుజాన్నీ కర్ణాన్నీ వేలుతో చూపించి, "ఈ రెండింటికీ ఒక్క పుల్ల కుదరదు సార్" అన్నాడు. నా ఉద్యోగం నిలిచింది. ఎంత సంతోషమేసిందో!

'ఇన్‌కమెన్సురబుల్' అన్న మాటను పుట్టించినవాళ్ళు కూడా ముందు మిగులుతో విసిగి, ఆ తర్వాతే పేరు పెట్టి ఉంటారు. నేను పేరుతో మొదలుపెట్టాను, అదీ నా పొరపాటు. రిటైరయ్యేదాకా మళ్ళీ ఆ పని చెయ్యలేదు.