ఇంజన్‌కి కాఫీ ఫిల్టరు

ముందే చెబుతున్నాను. ఇది ఒక పెద్దమనిషి తెల్ల లాల్చీ, ఒక కొత్త కారు, మా అపార్ట్‌మెంట్ సెల్లారు పైకప్పు ఒక్కసారిగా నల్లబడిన కథ. చేసింది నేనే. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కానీ చివరిదాకా చదివాక కూడా తప్పంతా నాదేనని ఎవరైనా అంటే మాత్రం వాళ్ల అడ్రసు ఇవ్వండి, నేనే వచ్చి మాట్లాడతాను.

అప్పట్లో నాకు జీపు పిచ్చి. ఇప్పుడు తగ్గిందా అని అడక్కండి. పెళ్లయి అశోక్‌నగర్ కాపురానికి వచ్చేటప్పుడు రాంనగర్ పుట్టింటి నుంచి నేను ముచ్చటపడి తెచ్చుకున్న వస్తువు ఒక్కటే, మా నాన్న వాడి వదిలేసిన పాత జీపు. దాని ఇంజన్ తీయించి, వేరే బండి నుంచి పెద్ద డీజిల్ ఇంజన్ దించి, దానికి జోరు పెంచే టర్బో తగిలించి, ఆదివారం వస్తే వికారాబాద్ వైపు బురదలోనూ రాళ్లలోనూ తిప్పేదాన్ని. మా ఆయన ఒక్కసారి పక్కన కూర్చుని వచ్చారు. దిగాక నడుము పట్టుకుని, ఇకమీదట నువ్వు వెళ్లిరా, నేను ఇంట్లో వంట చేస్తాను అన్నారు. అప్పటి నుంచి ఆదివారం వంట ఆయనదే. జీపు వల్ల లాభం లేదనే వాళ్లు ఇది గమనించాలి.

ఇక్కడ ఇంజన్ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, పారిపోకండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు పిస్టన్ల పక్క సందుల్లోంచి కొంత పొగ కిందికి, నూనె ఉండే భాగంలోకి జారుతుంది. అది బయటికి పోవడానికి ఇంజన్‌కి ఒక ముక్కు ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. కంపెనీవాళ్లు ఆ ముక్కుకి పైపు పెట్టి, వచ్చిన పొగను మళ్లీ ఇంజన్ చేతనే పీల్పిస్తారు. ఆ పొగ వెంట నూనె తుంపర కూడా పోయి నా టర్బో పైపుల నిండా జిడ్డు పేరుకుంటోంది. నాకు ఒళ్లు మండి ఆ పైపు పీకేసి, రబ్బరు గొట్టం ఒకటి తగిలించి బండి కిందికి వేలాడదీశాను. కొండల్లో బ్రహ్మాండంగా ఉంది. సెల్లారులో మాత్రం బండి నిలిపిన చోట నూనె మరకలు, వాటితోపాటు మాడిన వాసన.

మా అసోసియేషన్ అధ్యక్షులు మూర్తిగారు రిటైరైన ఆఫీసరు. ఆఫీసు ఆయన్ని వదిలినా ఆయన ఆఫీసును వదల్లేదు. ఆయన కొత్త కారు సరిగ్గా నా జీపు పక్కనే ఉండేది. మొదటి అంతస్తులో విమలక్క. ఆవిడ నన్ను మెట్ల మీద ఆపి, "నీ బండి సల్లగుండ, గీ వాసనకు పొద్దుగాల చాయ్ గూడ తాగబుద్ధి అయితలేదు" అని మొత్తుకుంది. చివరికి మూర్తిగారు తేల్చి చెప్పేశారు. వచ్చే ఆదివారం సెల్లారులోనే మీటింగు, అందరి ముందూ పరీక్ష. కింద ఒక్క చుక్క పడినా, వాసన వచ్చినా జీపు బయటికి పోవాల్సిందే.

అశోక్‌నగర్‌లో సెల్లారు చోటు పోవడమంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మా సందుల్లో కోచింగ్ పిల్లల బైకుల మధ్య సైకిలు దూర్చాలన్నా ఊపిరి బిగబట్టాలి. చోటు పోతే జీపు అమ్ముకోవాలి. మా నాన్న జీపు. ఆయన నాకు గేర్లు నేర్పింది దాని మీదే. నేనెందుకు అమ్ముతాను?

ఆ పొగలోంచి నూనెను పట్టి ఉంచే డబ్బా ఒకటి కావాలి. బజార్లో దొరికేవి నా బానెట్ కింద పట్టలేదు. వంటింట్లో కూర్చుని తల పట్టుకుంటే మా అత్తయ్య విషయం అడిగింది. ఆవిడది గోదావరి జిల్లా. డాక్టరు కాఫీ మాన్పించినప్పటి నుంచి ఆవిడ స్టీలు ఫిల్టరు అటక మీద ఖాళీగా ఉంది.

"పైన చిల్లుల గిన్నె ఉంది, కింద పట్టే గిన్నె ఉంది. ఇంతకన్నా ఏం కావాలమ్మా నీ ఇంజనుకి?" అంది.

నాకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. ఫిల్టరు మూతకి ఆ రబ్బరు గొట్టం బిగించాను. నూనె చిల్లుల్లోంచి కింది గిన్నెలోకి దిగుతుంది. నూనె వదిలిన పొగ బయటికి పోవడానికి పక్కన ఇంకో కన్నం పెట్టాను. ఈ కన్నం సంగతి దయచేసి గుర్తుంచుకోండి. నేను పెట్టాను. నాకు తెలియక కాదు.

ఆదివారం పొద్దున స్టార్ట్ చేసి చూస్తే చుక్క కూడా పడలేదు. కానీ కన్నంలోంచి సన్నగా పొగ, వాసన. ఇంకాసేపట్లో మీటింగు. మెట్ల మీద విమలక్క చెప్పుల చప్పుడు. నాకేం తోచక, పైపుల లీకులకి పెట్టే మాటు ముద్ద తీసుకుని కన్నం మూసేశాను. మూత చుట్టూ కూడా పూశాను. రోజూ కుక్కర్ పెట్టే ఆడదాన్ని, విజిల్ లేని కుక్కర్ ఏమవుతుందో తెలిసినదాన్ని. అయినా ఆ క్షణంలో నాకు విమలక్క ముక్కు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. చాయ్, బిస్కెట్లు వచ్చాయి. మూర్తిగారు ఇస్త్రీ లాల్చీ వేసుకుని, చంకలో తెల్ల దుప్పటితో దిగారు. దుప్పటిని స్వయంగా జీపు కింద పరిచారు. బానెట్ తెరిపించి, ఇంజన్ స్టార్ట్ చేయమన్నారు. విమలక్క దగ్గరికొచ్చి గట్టిగా గాలి పీల్చి, ఏం వాసన వస్తలేదని ఒప్పుకుంది. మా అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఫిల్టరు ఆవిడది మరి.

మూర్తిగారు బానెట్‌లోకి వంగి మెచ్చుకోలుగా తలాడించారు. "పర్వాలేదమ్మా, చదువుకున్నదానివి అనిపించావు. ఏదీ, కాస్త గట్టిగా తొక్కు" అన్నారు.

అధ్యక్షులవారి ఆజ్ఞ. తొక్కాను. ఇంకా అన్నారు. ఇంకా తొక్కాను.

ఇంజన్‌లో నూనె ఎంతుందో చూసుకునే పొడవాటి పుల్ల ఒకటి ఉంటుంది. లోపల చిక్కుకున్న పొగకి అదే దారి దొరికింది. పుల్ల ఠప్పున లేచి పైకప్పుకి తగిలింది. దాని వెనకే నల్లటి నూనె పిచికారీలా చిమ్మింది. ఇంకా వేడెక్కని నూనె కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు గానీ, లాల్చీ, కొత్త కారు, పైకప్పు, చాయ్ గ్లాసులు దేన్నీ వదల్లేదు. మూర్తిగారి మొహంలో కళ్లు మాత్రమే తెల్లగా మిగిలాయి.

నేను ఇంజన్ ఆపి, దిగి, వంగి దుప్పటి చూశాను. మల్లెపువ్వులా ఉంది.

"సార్, జర చూడుండ్రి. కింద ఒక్క చుక్క పడలే."

"వాసన గూడ లేదు," అంది విమలక్క, పాపం, నిజాయితీపరురాలు.

జీపు బయటికి పోవాలని చేతులెత్తి తీర్మానం చేశారు. నా వైపు నేను, అత్తయ్య. నాలుగు చేతులు లేచాయి, ఎందుకంటే ఇద్దరం రెండేసి ఎత్తాం. చెల్లవన్నారు. మూయించింది మీ ముక్కులే కదండీ అని అత్తయ్య గొడవపడింది. విన్నవాళ్లు లేరు. ఆ సాయంత్రమే ఒక స్నేహితురాలిని బతిమాలి, జీపును నారాయణగూడలో ఎత్తు మీదున్న వాళ్లింటి ఆవరణలో పెట్టుకున్నాను. అమ్మలేదు. మాటు ముద్ద గీకి పారేసి, ఆ కన్నానికి గొట్టం తగిలించి ముందు అద్దం పక్కన పైకి లేపాను.

ఆ వానాకాలం ఒక రాత్రి కురిసిన వానకి తెల్లారేసరికి మా సెల్లారు నిండిపోయింది. కార్లన్నీ మునిగాయి, మూర్తిగారిది కూడా. ఆయన మనవరాలి అన్నప్రాసన, కాచిగూడలో రైలు అందుకోవాలి. రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు, ఒక్క ఆటో లేదు. ఆయన మా తలుపు దగ్గర నిలబడి చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడారు. నేను అడగనివ్వలేదు. నడిచి వెళ్లి జీపు తెచ్చాను.

నీళ్లు చీల్చుకుంటూ పోతుంటే, ముందు సీట్లో సూట్‌కేసు ఒళ్లో పెట్టుకున్న మూర్తిగారి ముక్కు కదిలింది.

"ఏదో వాసన వస్తోందమ్మా," అన్నారు.

"మూసెయ్యమంటరా సార్?"

ఆయన రెండు చేతులూ లాల్చీకి అడ్డం పెట్టుకున్నారు. "వద్దమ్మా, వద్దు. హాయిగా ఉంది."

కనుక పాఠక మహాశయుల సమక్షంలో, మనస్ఫూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి ముక్కు కోసమూ ఏ ఇంజన్ ముక్కూ మూయను.