నలభై ఒకటో నంబరు యాకోబు

కర్లపాలెం స్కూల్లో చదివిన వాళ్ళు శోభారాణి టీచరు గారి దస్తూరిని ఎక్కడ చూసినా పోల్చుకుంటారు. గుండ్రంగా, ఒక్క తలకట్టూ తప్పకుండా రాస్తారు. నాకు నాలుగో తరగతిలో ఆవిడే టీచరు. ఇప్పుడు అరవై రెండేళ్ళు. రిటైరై బాపట్లలో ఉంటున్నారు. భర్త ఎజ్రా గారు పోస్టాఫీసులో పనిచేసి, ఆరేళ్ళ కిందట పోయారు. ఒక్కతే కూతురు క్రిస్టినా, తెనాలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడు అజయ్ బాబు కాలేజీలో లెక్కలు చెబుతాడు. కిందటేడు వాళ్ళింట్లో జరిగిన సంగతి టీచరు గారే నాకు చెప్పారు. రాసుకోమన్నారు కూడా. అందుకే రాస్తున్నాను.

క్రిస్టినాకి పెళ్ళై తొమ్మిదేళ్ళైనా పిల్లలు కలగలేదు. డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి, ఒక రోజు ఇద్దరూ ఇక చాలనుకున్నారు. దత్తత కోసం ప్రభుత్వం వాళ్ళ జాబితాలో పేరు రాయించుకుని మూడేళ్ళు ఎదురుచూశారు. చివరికి పద్నాలుగు నెలల పాప ఇంటికొచ్చింది. శిశుగృహంలో సుమ అని పిలిచేవారట. ఆ పేరుకి పలుకుతోంది కదా అని అదే ఉంచేశారు.

"అబద్ధమెందుకు, మొదట్లో నాకూ బెరుకుగానే ఉంది," అన్నారు టీచరు గారు. "ఎత్తుకున్నాను, ముద్దు పెట్టుకున్నాను, కానీ మనసులో ఎక్కడో 'ఎవరి పిల్లో' అనే మాట మెదులుతూనే ఉంది. వచ్చిన పది రోజులకి దానికి జ్వరం వచ్చింది. క్రిస్టినాకి సెలవు దొరకలేదు. పాప మూడు రోజులు నా భుజం మీదే పడుకుంది. దించితే ఏడుపు. నాలుగో రోజు జ్వరం తగ్గాక చూసుకుంటే, ఆ మాట నాలో లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు."

ఇదిలా ఉండగా రేపల్లె నుంచి టీచరు గారి చిన్నాన్న శాలేమురాజు గారు ఫోన్ చేశారు. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కొదమల వారి కుటుంబానికి ఇప్పుడు ఆయనే పెద్ద. వాళ్ళ సొంతూరు వేములదిబ్బ, రేపల్లె నుంచి బస్సులో అరగంట. అక్కడి లూథరన్ గుడి కట్టి వందేళ్ళు నిండుతున్నాయి. ఆ పండగలో ప్రతి కుటుంబం తన వంశవృక్షాన్ని గుడిలో పెట్టాలని సంఘం వాళ్ళు అనుకున్నారు.

"అమ్మాయ్, మన చార్టు నువ్వే రాయాలి. నీ చెయ్యి పడితేనే అందం," అన్నారాయన.

శాలేమురాజు గారు మాట్లాడితే రెండు మాటలకొకసారి మార్కు తాత వచ్చేవాడు. వేములదిబ్బలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నది మార్కు. కూలి పని చేసుకునే పేటలో మొదటి బడి పెట్టించిందీ ఆయనే. "మనది మార్కు తాత రక్తం" అని చిన్నాన్న ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి చావులోనూ అనేవారు. చిన్నప్పుడు టీచరు గారు మొండికేస్తే, "అచ్చం మార్కు తాతే" అని మురిసిపోయేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి రెండంగుళాలు పొడవు పెరిగినట్టుండేది.

చార్టు మొదలుపెట్టే ముందు టీచరు గారు రేపల్లె వెళ్ళారు. పేర్లన్నీ ఒక నోటు బుక్కులో రాసి ఉన్నాయి. మార్కు, ఆయన భార్య మరియమ్మ, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు యాకోబు. యాకోబుకి పుట్టినవాళ్ళు టీచరు గారి నాన్న, చిన్నాన్న, మేనత్తలు ముగ్గురు. అక్కడి నుంచి కొమ్మలే కొమ్మలు. ఆడపిల్లల పిల్లల్ని కూడా వదలకుండా రాశారు. క్రిస్టినా పేరు పక్కన అజయ్ బాబు పేరుంది. ఆ కింద ఖాళీ.

"చిన్నాన్నా, సుమ పేరు మరిచిపోయారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరిచిపోలేదమ్మా. పిల్లని ప్రేమగా పెంచుకోండి, నేనేం కాదనను. కానీ ఇది రక్తసంబంధం లెక్క. అందులో ఎలా రాస్తాం?"

టీచరు గారు నోటు బుక్కు సంచిలో పెట్టుకుని లేచారు. గుమ్మం దాకా వచ్చాక ఆయనే మళ్ళీ అన్నారు: "పుట్టిన తేదీలు కావాలంటే గుడిలో బాప్తిస్మాల రిజిస్టరు, పంతొమ్మిది వందల నలభై తర్వాతిది చూడు. మొదటిది బాగా చివికిపోయింది. దాని జోలికి వెళ్ళకు, చేతుల్లోనే పొడైపోతుంది."

మర్నాడు ఆవిడ వేములదిబ్బ వెళ్ళారు. పాస్టరు గారు కుర్రాయన, కొత్తగా వచ్చినవారు. ఇనప్పెట్టె తెరిచి రెండు రిజిస్టర్లూ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"టీచరమ్మ గారూ, పాతది కూడా చూడండి. ఇంతకాలానికి వీటిని అడుగుతూ ఒకరు వచ్చారు, నాకు సంతోషంగా ఉంది."

"చివికిపోయిందన్నారండి."

"లేదండి. అట్ట ఊడింది, అంతే."

మార్కు తాత పేరు కళ్ళారా చూడాలనిపించి ఆవిడ పాతదే ముందు తెరిచారు. మొదటి పేజీలోనే మార్కు ఉన్నాడు. సంవత్సరం 1908, గుడి కట్టక మునుపే. వేలితో తడిమి చూసి, పేజీలు తిప్పుతూ పోయారు. 1912లో, నలభై ఒకటో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. అప్పట్లో సంఘాన్ని చూసుకునే బోధకుడు, ఉపదేశి, నల్ల సిరాతో ఇలా రాశాడు:

"యాకోబు. వయసు సుమారు రెండేండ్లు. కన్నవారు తెలియదు. పెంచువారు కొదమల మార్కు, భార్య మరియమ్మ. మార్కు ఈ బిడ్డను భుజముపై మోసికొని వచ్చెను. బిడ్డ పేరేమని అడుగగా 'నా కొడుకు' అనెను. ఎన్నిమారులు అడిగినను అదియే చెప్పెను. పిమ్మట యాకోబు అని పేరు పెట్టితిమి."

సుమ గురించి చిన్నాన్నతో గెలవడానికి ఇంతకన్నా ఏం కావాలి అని మీకు అనిపించవచ్చు. ఆవిడకి మొదట ఆ ఆలోచనే రాలేదట. ముందు తన సంగతే మెదిలిందట. మార్కు తాత మొండితనం తనకి రాలేదు. రక్తం ఒక్క చుక్క కూడా రాలేదు. మరి తనెవరు? పుట్టినప్పటి నుంచీ తనదనుకున్న మనిషి, బల్ల మీదున్న కాగితంలోంచి లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. పాస్టరు గారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆవిడ ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకున్నారు.

తెనాలి రైల్లో కూర్చున్నాక, భట్టిప్రోలు దాటాక, ఆవిడ ఫోటోని మళ్ళీ చదివారు. 'ఎన్నిమారులు అడిగినను అదియే చెప్పెను' అన్న చోట ఆగిపోయారు. ఉపదేశి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా తన మాటే చెబుతున్న మార్కు కనిపించాడు. వేమూరు వచ్చేసరికి ఆవిడ ఏడుస్తున్నారు. ఎదురు సీటులోని ఒకామె, "ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. "బానే ఉందమ్మా. మా తాత గుర్తొచ్చాడు," అన్నారు. ఆ మాట అన్నాక, అది నిజమేనని తెలిసింది.

వారం ఆగి రేపల్లె వెళ్ళారు. పొద్దున్న పదింటికి చిన్నాన్న వరండాలో భూతద్దంతో పేపరు చదువుతున్నారు. ఆవిడ ఫోను ముందు పెట్టారు. ఆయన దాని వంక చూడలేదు.

"నలభై ఒకటో నంబరు కదా," అన్నారు.

"మీకు తెలుసా!"

"నాకు పదిహేనో ఏట తెలిసింది. మా అక్కకి సంబంధం చూస్తున్నారు. పెళ్ళివారి తరఫు ముసలాయన ఒకడు, అందరూ కూర్చుని ఉండగా, 'దొరికినోడి కూతురంట కదా' అన్నాడు. నాన్న ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తి అడిగితే అప్పుడు చెప్పాడు. మార్కు తాత కొల్లిపర వైపు కోతలకి వెళ్ళాడట. అక్కడ పనిపాక పక్కన ఒకామె జ్వరంతో పడి ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. ఆమె పోయింది. పక్కనే పిల్లాడు. తాత ఆ ఏడు కోత మధ్యలోనే వదిలేసి పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చేశాడు."

"మరి మీరెందుకు చిన్నాన్నా, ఎప్పుడూ రక్తం, రక్తం అంటారు?"

"ఎవరూ అడక్కుండా ఉండాలని నేనే ముందు చెప్పేసేవాణ్ణమ్మా," అన్నారాయన. "అరవై తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. చెప్పగా చెప్పగా ఒక్కోసారి నాకే నిజమనిపించేది. నా పిల్లల్ని ఎవరూ ఆ మాట అనకూడదు, అంతే నా తాపత్రయం."

టీచరు గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "రేపు సుమని ఎవరైనా అంటే?"

ఆయన భూతద్దం అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. ఆవిడ కూడా రెట్టించలేదు. వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరారు.

తెనాలి వెళ్ళి చెబితే అజయ్ బాబుకి కోపం వచ్చింది. "అత్తయ్య గారూ, మనం ఆ పండగకే వెళ్ళొద్దండి," అన్నాడు. క్రిస్టినా మాత్రం సుమకి అన్నం పెడుతూ, "చార్టులో పేరు లేకపోతే దీనికేం తక్కువమ్మా? నువ్వు మాకోసం తాతయ్యతో గొడవ పెట్టుకోకు. ఆయన బాధ ఆయనకుంది కదా," అంది. ఆ మాటకి టీచరు గారు కూతుర్ని కొత్తగా చూసినట్టు చూశారట.

మరో పది రోజులకి, శనివారం మధ్యాహ్నం, తెనాలిలో క్రిస్టినా వాళ్ళింటి ముందు ఆటో ఆగింది. శాలేమురాజు గారు ఒక్కరే రైలెక్కి వచ్చేశారు. చంకలో చుట్టిన తెల్ల చార్టు, చేతిలో అరటిపళ్ళ సంచి. టీచరు గారు ఆ రోజు అక్కడే ఉన్నారు. సుమ ఈయన్ని చూడగానే గుక్కపట్టి ఏడ్చింది. ఆయన కంగారుపడి దూరంగా కుర్చీలో కూర్చున్నారు. ఓ అరగంటకి అదే పాకుతూ వచ్చి, ఆయన చేతికర్ర పట్టుకుని లేచి నిలబడింది. ఆయన కర్ర కదలకుండా రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. పిల్ల పడిపోతుందేమోనని కాఫీ కూడా ముట్టుకోలేదు.

"అమ్మాయ్, రాయి," అన్నారు చివరికి. "యాకోబు దగ్గర, రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాయి. సుమ దగ్గర కూడా పూర్తిగా రాయి. దత్తత అని రాయి. దాచొద్దు. గీత మాత్రం అందరికీ ఒకే సిరాతో గియ్యి."

"రాస్తాను చిన్నాన్నా. కానీ అందరూ గోడ మీద చూసి తెలుసుకుంటే బాగుండదు. ముందు మీ నోటితో చెప్పండి."

ఆయన "నువ్వు పక్కన నిలబడతావా?" అని అడిగారు.

పండగ రోజు ఆరాధన అయ్యాక, భోజనాలకి ముందు, కొదమల వాళ్ళందరినీ గుడి పక్క రేకుల షెడ్డులోకి పిలిచారు. ఎనభై మంది దాకా ఉన్నారు. టీచరు గారు పక్కన నిలబడ్డారు. ఆయన ప్రసంగాలు బాగా చేసే మనిషి. ఆ రోజు మాత్రం మాటలు తడబడ్డాయి. రిజిస్టరులోని వాక్యాలు చదివి, "మా నాన్నని కన్న తల్లి పేరు మనకి తెలీదు. ఆమె కొల్లిపర దగ్గర పోయింది. మనందరం ఆమె రక్తం. మనకి పేరు పెట్టింది, అన్నం పెట్టింది, చదువు చెప్పించింది మార్కు తాత, మరియమ్మ నాయనమ్మ. నేను ఇన్నాళ్ళూ ఆ తల్లిని దాచేశాను. తప్పు చేశాను," అన్నారు.

వెనక నుంచి టీచరు గారి చిన్న మేనత్త, సామ్రాజ్యం గారు, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఆ తల్లి కోసం ప్రార్థన చెయ్యండయ్యా," అన్నారు. నూట పదమూడేళ్ళ తర్వాత ఆ పేరు తెలియని మనిషి కోసం ఆమె సంతానమంతా తలలు వంచింది.

అందరూ మెత్తబడ్డారని చెప్పను. శాలేమురాజు గారి కొడుకు జాన్సన్ ముఖం ఎర్రగా చేసుకుని, "ఇంత పెద్ద విషయం సొంత కొడుక్కి ఇంట్లో చెప్పలేకపోయారా నాన్నా?" అని భోజనం చెయ్యకుండా భార్యాబిడ్డల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరు ముగ్గురు చార్టు ముందు నిలబడి గుసగుసలాడారు. అజయ్ బాబు మాత్రం సుమని ఎత్తుకుని, దాని పేరున్న చోటు వేలితో చూపించి ఫోటో తీయించుకున్నాడు.

ఆ తర్వాత టీచరు గారికి కొత్త పని పట్టుకుంది. ఊరిలో మిగతా కుటుంబాల వాళ్ళూ తమ తాతముత్తాతల పేర్లు చూడాలని అడగడం మొదలుపెట్టారు. భూమి పత్రాలు లేనివాళ్ళు, ఏ శాసనాల్లోనూ ఎక్కనివాళ్ళు. వాళ్ళ పూర్వీకుల పేర్లు ఉన్నది ఆ రిజిస్టరు ఒక్కదానిలోనే. నెలకి రెండు ఆదివారాలు ఆవిడ బాపట్ల నుంచి వెళ్ళి, పాస్టరు గారి గదిలో కూర్చుని, పేర్లు వెతికి విడి కాగితం మీద రాసిస్తున్నారు. ఎక్కడైనా 'తెలియదు' అని ఉంటే, అది కూడా అలాగే రాస్తారు. దాన్ని కొట్టేయమని అడిగిన వాళ్ళు ఇద్దరున్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.

మొన్న నేను వాళ్ళింట్లో ఉండగానే ఫోను మోగింది. జాన్సన్. నాలుగు నెలల తర్వాత చేస్తున్నాడు. టీచరు గారు స్పీకరు పెట్టారు.

"అక్కా, నాన్న దగ్గరికి నిన్న వెళ్ళాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం."

"మంచిపని చేశావు రా. ఏమన్నారు?"

"ఏమంటారు, ఆయన చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. అక్కా, ఈసారి నువ్వు గుడికి వెళ్ళేటప్పుడు మా పిల్లలిద్దర్నీ తీసుకొస్తాను. ఆ పేజీ వాళ్ళకి నువ్వే చదివి పెట్టాలి. నాకు ఆ పాత రాత కూడబలుక్కోవడం రాదు."

"ఆదివారం తొమ్మిదింటికి రేపల్లె బస్టాండులో ఉండండి," అన్నారు టీచరు గారు. "ఆలస్యం చేస్తే నేను ఆగను."