కిర్రుమంటే ఓర్వలేని మామగారు

మా మామగారికి లోకంలో పడనిది ఒక్కటే: కిర్రుమనే చప్పుడు. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించరు, తలుపు బందుల్ని పరామర్శిస్తారు. కళ్లజోడు మర్చిపోతారేమో గానీ జేబులో నూనెడబ్బా మర్చిపోరు.

నేను పిల్లనడగడానికి వెళ్లిన రోజున నా కుర్చీ కిర్రుమంది. "లేవండి" అన్నారు కటువుగా. సంబంధం కుదరదనుకుని గుమ్మం దాకా వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీని తలకిందులు చేసి స్క్రూలు బిగిస్తున్నారు.

పోయిన వానాకాలంలో నా మోటార్‌సైకిల్ని లారీ గుద్దింది. ఆసుపత్రిలో తెలివి రాగానే నాకు వినిపించిన మొదటి మాట డాక్టరుది కాదు.

"ఈ చక్రం ఎవడు బిగించాడమ్మా?"

"పెద్దాయనా, మంచం కింద నుంచి బయటికి రండి! పేషెంటుకి ఇప్పుడే మెలకువ వచ్చింది" అంది నర్సు.

"రాదూ మరి? ఈ చప్పుడుకి చచ్చినవాడైనా లేస్తాడు!"

విరిగిన కాలు మెల్లగా అతుక్కోసాగింది. బిల్లు మాత్రం కొండలా అలాగే ఉంది. నెలనెలా ఇంత అని కట్టమన్నారు. మా ఆవిడ గాజులు, బండి తుక్కు మొదటి నెలకి సరిపోయాయి. ఇక మిగిలింది నా లేత్ మిషన్. అది అమ్మేస్తే, కాలు బాగయ్యాక నిలబడి చెయ్యడానికి పనే ఉండదు. నేనూ మా ఆవిడా పోట్లాడుకునే ఓపిక కూడా లేక చెరో గోడా చూస్తూ కూర్చునేవాళ్లం.

మాకు తోడుగా వచ్చి ఉంటున్న మామగారు మాత్రం రోజూ పొద్దున్నే తయారు.

"ఎక్కడికి నాన్నా?"

"ఆసుపత్రికి. ఆ తలుపులు తలుచుకుంటే అన్నం సయించట్లేదమ్మా."

"ఇల్లు ఇలా ఉంటే నీకు తలుపుల గోలేంటి నాన్నా!"

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది.

లేత్ కొనేవాడు సాయంత్రం బయానా తెస్తానన్నాడు. ఆఖరిసారి గడువు అడుగుదామని చంకకర్రల మీద ఆసుపత్రికి వెళ్లాను.

"ఈ నెలది ముట్టింది కదండీ" అన్నాడు క్యాషియర్. "మీ మామగారు ఇక్కడ మరమ్మతులు చేస్తున్నారుగా. కూలి చేతికి తీసుకోరు, మీ బిల్లులో వేసుకోమంటారు."

ఆయన్ని వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లాను. ఒక ట్రాలీ వీధంతా వినపడేలా కిర్రుమంటూ పోతోంది. పక్కనే మామగారు బల్ల మీద కూర్చుని, చెవుల్లో దూది కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

భుజం తట్టాను. "మామయ్యగారూ, ఆ ట్రాలీ!"

ఒక చెవిలో దూది తీసి, అటూ ఇటూ చూశారు. "మెల్లిగా అనండి అల్లుడుగారూ. అన్నీ ఈ నెలలోనే బాగుచేసేస్తే వచ్చే నెల నన్నెవరు రమ్మంటారు? ఆ లేత్ కొనేవాడికి రావద్దని చెప్పండి."

"ఇంట్లో ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే మీరు రానిస్తారా? మామ చేత కూలిపని చేయించడమేంటని చంకకర్ర అడ్డం పెట్టరూ?"

ట్రాలీ అవతలి కొస దాకా వెళ్లి మళ్లీ మా వైపు తిరిగింది. ఆయన గబగబా దూది కుక్కుకుని, ఇంకో ముక్క చించి నా చేతిలో పెట్టారు.