ముందు అత్తయ్య కంచం

మా అత్తయ్య పోయింది. నేను నరసరావుపేటలో పుట్టింట్లో ఉండగా మామయ్య ఫోన్ చేశాడు. "అత్తయ్య పోయిందమ్మాయ్. వరండాలో కూర్చుని మిరపకాయలు ఏరతా ఏరతా అట్టాగే వాలిపోయింది. అన్నం తినే పోయిందిలే" అన్నాడు. గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ చివరి మాట వినగానే నాకు ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది. అన్నం తిన్న సంగతి మా ఇంట్లో ఎందుకంత పెద్ద విషయమో చెబితే, మా అత్తయ్య ఎలాంటి మనిషో మీకూ తెలుస్తుంది.

అద్దంకి దగ్గర మా ఊరు. మిరప, పత్తి వేసే ఇల్లు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ అందరికంటే చివర తినేది. మామయ్య తినాలి, కొడుకు తినాలి, కూలీలకు పెట్టాలి, గేదెకు కుడితి పొయ్యాలి. ఆ తర్వాత గిన్నె అడుగున మిగిలిన కూరలో అన్నం కలుపుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. నాతో తినండి అత్తయ్యా అంటే, "అడుగున అంటుకున్న కూరే రుచి. అది మీకెవరికీ తెలీదులే" అనేది. అదేదో గొప్ప రహస్యం అన్నట్టు కళ్లు ఎగరేసేది కూడా.

అలాంటి మనిషికి పెద్దపేగులో కాన్సర్ అన్నారు. అప్పుడప్పుడే ఊళ్లోకి సెల్‌ఫోన్లు వస్తున్న రోజులవి. నాకు కడుపులో మొదటి బిడ్డ. గుంటూరులో ఆపరేషన్ అయింది. మళ్లీ రాకుండా మాత్రలు వాడాలి, ఇంట్లోనే మింగొచ్చు అంది డాక్టరమ్మ. మామయ్య ముఖం వికసించింది. "మాత్రలేనా? ఎంత పనండీ" అన్నాడు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఆయన్ని చూసింది. "ఇంట్లో మింగేదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. సూదితో ఎక్కించే మందు ఎంత గట్టిదో ఇదీ అంతే. అన్నం తిన్న అరగంటలోపు నీళ్లతో మింగాలి. నలగ్గొట్టకూడదు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. నన్నడక్కుండా ఇంకే మందూ వాడొద్దు, ఆఖరికి బలం మాత్ర కూడా" అంది. నా పొట్ట వంక చూసి, "నువ్వు ఆ మాత్రలు అసలు ముట్టుకోకమ్మా" అంది.

ఇంత విన్నాక అత్తయ్య అడిగింది ఒకటే ప్రశ్న. "అయితే పొద్దునా రాత్రీ నేను అందరికంటే ముందు తినాలా?" జబ్బు పేరు చెప్పినప్పుడు బెదరని మనిషి, ఈ మాట అడిగేటప్పుడు సిగ్గుపడింది.

మొదటి రోజు వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, దొంగలా తింది. బయట మామయ్య ఆకలితో ఖాళీ కంచం ముందు కూర్చున్నాడు. వారం తిరిగేసరికి తలుపు తెరుచుకుంది, ఆ తర్వాత పీట హాల్లోకి వచ్చింది. ఒకరోజు వేడివేడి అన్నంలో పప్పు కలుపుకుని, నెయ్యి వేసుకుని, "ఇన్నేళ్లూ మీరంతా ఇట్టాంటి అన్నం తిన్నారా, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా?" అని మమ్మల్ని నిలదీసింది. మామయ్యకు పొలమారింది.

మాత్రల డబ్బా ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. ప్రమాదమైన సరుకు కదా అని మామయ్య పురుగుమందు సీసాలుండే గూట్లో పెట్టబోయాడు. "నీ పురుగుమందు పక్కన పెట్టింది నేను మింగాలా?" అని లాక్కుని, తన గదిలో ఎత్తుగా మేకు కొట్టి, సంచి తగిలించి అందులో పెట్టుకుంది. ఆ గది ఊడ్చే పని కూడా నాకు తప్పింది. మాత్ర వేసుకున్నాక చేతులు సబ్బుతో కడిగేది. నేను నీళ్లు అందించబోతే, "దూరం, దూరం. నా మనవడి జోలికి రాకు" అని తరిమేది. మనవరాలైతే అన్నాను. "అయితే మరీ దూరం" అంది.

ఒక రాత్రి మాత్ర మర్చిపోయి నిద్రపోయింది. తెల్లారాక మామయ్య, "పోనీ రెండూ కలిపి ఇప్పుడే వేసెయ్" అన్నాడు. అంతే, అత్తయ్యకు పాత పత్తి చేను గుర్తొచ్చింది. పచ్చపురుగు చావటం లేదని ఒక ఏడాది ఆయన మందుల కొట్లో చెప్పినదానికి రెట్టింపు మందు కలిపి కొట్టాడట. పురుగు అలాగే ఉంది, ఆకులన్నీ మాడిపోయాయి. "నీ పత్తిని మాడ్చావు చాలదా, నన్నూ మాడుస్తావా?" అంది. ఆ మాట ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. మామయ్య ఏళ్లుగా ఆ చేనును మోస్తున్నాడు పాపం.

ఇంత జాగ్రత్తపరురాలూ ఒకచోట పప్పులో కాలేసింది. అది మా మిరప ఊళ్లలోనే జరగగలిగే తప్పు. ఎండుకాయలు ఇంటికొచ్చే కాలం అది. మంచం మీద కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరేది. అరచేతులు ఎర్రగా కంది మండటం మొదలైంది. మా దగ్గర ఆ రోజుల్లో చేతులు మండని ఆడమనిషి ఎవరు? వెన్న రాసుకుంది, మజ్జిగలో చేతులు ముంచింది, కొబ్బరినూనె పూసుకుంది. మాత్రలు మాత్రం వేళ తప్పకుండా వేసుకుంటూనే ఉంది. మాకెవరికీ అనుమానం రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ మడమల మీద నడవడం చూశాను. బలవంతంగా పాదం తిప్పి చూస్తే, అరికాలంతా ఎర్రబడి తోలు లేస్తోంది.

"ఇదేంటత్తయ్యా?"

"కళ్లంలో కాయలు తొక్కాను గదే. మంటే."

"ఈ ఏడు మీరు కళ్లంలోకి దిగిందెప్పుడు? మంచం మీద కూర్చునేగా ఏరింది."

ఆవిడ పాదాన్ని చీర కిందికి లాక్కుంది. అరచేతులు, అరికాళ్లు మండి ఎర్రబడితే, విరేచనాలు పట్టుకుంటే మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యమని డాక్టరమ్మ చెప్పిన మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను ఫోన్ అందుకోబోతే నా చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దే. చెబితే ఆపేస్తారు. ఆపితే అది మళ్లీ వస్తది. నీ కడుపులో దాన్ని నేను చూడొద్దా?" అంది. ఆవిడ భయపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

గడప దగ్గర నిలబడ్డ మామయ్య వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "ఆ ఏడు పత్తి ఆకు మాడినాక నేనేం చేశాను?"

"ఇప్పుడు నీ పత్తి గోలేందయ్యా?"

"మందు ఆపాను. నీళ్లు పెట్టాను. చిగురెయ్యలా? సగం పంటైనా ఇంటికి రాలా? ఆ ముక్క మాత్రం ఎవురికీ చెప్పవు నువ్వు."

అత్తయ్య నా చెయ్యి వదిలింది.

ఫోన్‌లో డాక్టరమ్మ మాత్ర వెంటనే ఆపమంది, మర్నాడే రమ్మంది. గుంటూరు వెళ్తే చేతులూ కాళ్లూ చూసి, "ఆపమన్నప్పుడు ఆపడం కూడా వైద్యమేనమ్మా. ఇంకొన్నాళ్లు ఇట్లాగే మింగి ఉంటే పుండ్లు పడి మంచానికి అతుక్కునేదానివి" అంది. తోలు మానాక మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఏడు మిరపకాయలు ముట్టుకోవద్దంది. అత్తయ్యకు ఆ చివరి మాటే కష్టమైంది. మంచం మీద కూర్చుని, ఏరేవాళ్ల తప్పులు ఎంచుతూ కాలక్షేపం చేసింది.

మాత్రలు పూర్తయ్యాయి. పాప పుట్టింది. సబ్బుతో కడిగి కడిగి అరిగిన చేతులతో అత్తయ్యే మొదట ఎత్తుకుంది. జబ్బు మళ్లీ రాలేదు. ముందు తినే అలవాటు మాత్రం పోలేదు. "డాక్టరు మానమని చెప్పిందా? లేదుగా" అనేది. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టేదాకా మామయ్య చెయ్యి కంచంలోకి దిగేది కాదు. ఆయన్నెవరూ ఆగమనలేదు.

కర్మకాండ అయింది. చుట్టాలు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున మామయ్యకు అన్నం వడ్డించాను. పప్పు వేశాను, నెయ్యి వేశాను. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. చల్లారిపోతోంది మామయ్యా అన్నాను. "తింటాన్లే అమ్మాయ్" అన్నాడు, చెయ్యి మాత్రం కదల్లేదు.

నేను లేచి అత్తయ్య కంచం తెచ్చి, ఆవిడ పీట ముందు పెట్టి, వేడన్నం వడ్డించాను. పక్కన గ్లాసు నిండా నీళ్లు పోశాను. మామయ్య ఆ కంచం వంక కాసేపు చూసి, అప్పుడు అన్నం కలుపుకున్నాడు.